పద్నాలుగో రోజున రాసిన సర్టిఫికెట్

1957 జూన్‌లో నన్ను జగ్గయ్యపేట పశువుల ఆసుపత్రికి వేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరు పొడుగ్గానే ఉండేది కానీ డాక్టరూ, గుమాస్తా, స్టోరు చూసుకునేవాడూ అన్నీ నేనే. నా కింద ఒక కాంపౌండరు. మద్రాసులో చదువు ముగించి రెండేళ్ళయింది. వయసు ఇరవయ్యారు, పెళ్ళి కాలేదు. వత్సవాయి వైపు మెట్ట ఊళ్ళూ, వేదాద్రి వైపు కృష్ణ ఒడ్డు ఊళ్ళూ నా పరిధిలోకి వచ్చేవి. సైకిలు మీద తిరిగేవాణ్ణి.

కాంపౌండరు పేరు దేవసహాయం. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. నేను ఆయన్ని నువ్వు అనేవాణ్ణి, ఆయన నన్ను మీరు అనేవారు. అది ఆనాటి ఆఫీసు పద్ధతి. ఇప్పుడు రాస్తుంటే కలం కాస్త వెనకాడుతోంది, అందుకని ఇక్కడ ఆయన్ని గౌరవంగానే రాస్తాను. ఆయన భార్య మరియమ్మ గారు మిషను బడిలో టీచరు. ఇద్దరూ ఊరి చివర క్రైస్తవుల పేటలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవారు. పిల్లలు లేరు.

మా వృత్తి తెలియనివారికి ఒక సంగతి చెప్పాలి. పశువుకు చికిత్స చేసేటప్పుడు రెండు జతల చేతులు కావాలి. ఒక జత పుండు దగ్గర, ఒక జత తల దగ్గర. కత్తి, చిమటా, సూది పట్టుకునేది డాక్టరు. తల పట్టుకుని, చెవి వెనక రాస్తూ, ఏదో ఒకటి మాట్లాడుతూ నిలబడేది కాంపౌండరు. నొప్పి నా చేతుల్లోంచి వెళ్తుంది, ఊరట ఆయన చేతుల్లోంచి. బాగయ్యాక ఎద్దు తన యజమానితో ఇంటికి పోతుంది, కాబట్టి అది ఎవరిని గుర్తుపెట్టుకుందో మనకు తెలియదు. కుక్క విషయంలో అలా కాదు. అది కళ్ళెదుటే తేల్చి చెబుతుంది.

1958 ఏప్రిల్ మొదట్లో గొంతువాపు టీకాలు వేయడానికి హైదరాబాదు రోడ్డు మీద గరికపాడు వైపు వెళ్ళాను. అక్కడ ఒకప్పుడు సరిహద్దు చౌకీ ఉండేది. రెండు రాష్ట్రాలు కలిశాక దాన్ని ఎత్తేశారు. చౌకీ జవాన్లు పెట్టెలు సర్దుకుని ఎవరి ఊళ్ళకు వాళ్ళు పోయారు. వాళ్ళు పెంచిన కుక్క మాత్రం ఆ ఖాళీ పాకలోనే ఉండిపోయింది. లారీలవాళ్ళు ఆగి టీ తాగినప్పుడు ఏదైనా విసిరితే తినేది. ఊళ్ళోవాళ్ళు దాన్ని కూడా జవాను అనే పిలిచేవారు. నేను చూసేసరికి ఎడమ చెవి మొదట్లో పుండు పడి, పురుగు పట్టి, తల ఒక పక్కకు వాల్చి తిరుగుతోంది. వాసన రోడ్డు దాకా వస్తోంది.

నోరు తెరిచి చూశాను. ముందు పళ్ళు అరిగి చిగుళ్ళ దాకా వచ్చాయి. మూతి నెరిసింది, కంట్లో నీలం పొర. పదేళ్ళకు తక్కువ ఉండదు. అంత ముసలి కుక్క మీద మందులు ఖర్చు పెట్టడం దండగే, అయినా వదిలి రాలేకపోయాను. గరికపాడు రైతు ఒకాయన బండి కట్టి ఇచ్చారు. ఆ బండిలో వేయించి ఆసుపత్రికి తెచ్చాను. అప్పటి నుంచి నాకది 'అది' కాదు, 'వాడు'.

ఆ చికిత్స ఇరవై రోజులు పట్టింది. టర్పెంటైనులో ముంచిన దూది పుండులో పెడితే పురుగులు ఊపిరాడక పైకి వస్తాయి. అప్పుడు చిమటాతో ఒక్కొక్కటే తీయాలి. మొదటి రోజు తీసినవి గిన్నెడు. తర్వాత చచ్చిన కండ కత్తిరించి, అయోడిన్ పూసి, సల్ఫా పొడి చల్లి కట్టు కట్టాలి. రోజూ ఇదే. ముసలి ఒంట్లో మాంసం త్వరగా పూడదు. ఈ పనంతా నేనే చేశాను, చక్కగా చేశాను. దేవసహాయం గారు చేసిందల్లా జవాను తల ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం. "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అంటూ ఉండేవారు.

పదిహేనో రోజుకి జవాను లేచి ఆవరణలో తిరగడం మొదలుపెట్టాడు. నా సైకిలు గేటులోకి వస్తే తోక కాళ్ళ మధ్యకు పోయేది. దేవసహాయం గారి చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆ కీళ్ళ నొప్పుల ఒంటితోనే పరుగులాంటి నడకతో ఎదురు వెళ్ళేవాడు. కడుపు మండింది. ఇంతకన్నా మర్యాదైన మాట దానికి లేదు. ఒక గవర్నమెంటు డాక్టరు తన కాంపౌండరు మీద ముసలి కుక్క కోసం కుళ్ళుకోవడం హాస్యాస్పదమని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన మంట తగ్గలేదు.

మంచి చేసుకుందామని హోటలు నుంచి పెరుగన్నం కట్టించుకుని తెచ్చేవాణ్ణి. గిన్నె పెట్టి నేను దూరంగా పోతే తినేవాడు. నేను పక్కన నిలబడితే గిన్నె వైపు, నా చేతుల వైపు మార్చి మార్చి చూసి, వెళ్ళి గోడ వారగా పడుకునేవాడు.

ఏప్రిల్ ఆఖరి వారంలో జిల్లా అధికారి తనిఖీకి వచ్చారు. లోపలి రోగుల రిజిస్టరు చూశారు. అందులో యజమాని పేరు రాయాల్సిన చోట నేను గీత గీసి పెట్టాను. యజమాని లేని జంతువును ఆసుపత్రిలో ఉంచడానికి వీల్లేదనీ, పుండు మానింది గనక మే నెలాఖరులోగా ఎవరికైనా ఇచ్చేయాలనీ, లేకపోతే పంచాయతీకి అప్పజెప్పాలనీ తనిఖీ పుస్తకంలో రాసి వెళ్ళారు. పంచాయతీకి అప్పజెప్పడమంటే ఏమిటో అందరికీ తెలుసు. దిక్కులేని వీధికుక్కలకు మాంసం ముక్కలో మందు పెట్టే రోజులవి.

నా దగ్గర ఉంచుకునే దారి లేదు. నేను అద్దెకున్నది ఒక వితంతువు గారి ఇంట్లో ముందు గది. ఆవిడ మడి ఎంత గట్టిదంటే, నేను ఆసుపత్రి నుంచి వస్తే నూతి దగ్గర కాళ్ళు కడుక్కున్నాక కూడా పెరటి దారినే రావాలి. కుక్క మాట ఎత్తగానే గది ఖాళీ చేయమన్నారు.

అధికారి వెళ్ళిన మర్నాడు దేవసహాయం గారు మందుల బీరువా తాళం చెవి బల్ల మీద పెడుతూ, "మీరు ఒప్పుకుంటే జవానుని మేం ఉంచుకుంటామండి" అన్నారు. మరియమ్మ గారితో అప్పటికే అనుకున్నారట.

అక్కడితో ఈ జ్ఞాపకం అయిపోవాలి. కుక్కకు ఇల్లు దొరికింది, ఆ ఇంటివాళ్ళకు కుక్క అంటే ఇష్టం, కుక్కకు వాళ్ళంటే ఇష్టం. నేను కుదరదన్నాను. ఆసుపత్రి సిబ్బంది ఆసుపత్రి జంతువులను ఇంటికి తీసుకుపోకూడదనే నిబంధన ఉందన్నాను. అలాంటి నిబంధన లేదు. నోటికి వచ్చింది, అన్నాను. పదమూడేళ్ళ సర్వీసు ఉన్న ఆయనకు నిబంధనలు నాకన్నా బాగా తెలుసు. ఆయన "సరేనండి" అని సీసాలు కడగడానికి వెళ్ళిపోయారు.

నా చేత్తో బతికిన కుక్క ఆయన వాకిట్లో పడుకోవడం, ఆయన పేట నుంచి రోజూ వచ్చి దాని కబుర్లు చెప్పడం, అవి నేను వినడం. ఇది నేను ఊహించుకోలేకపోయాను. దూరంగా ఎవరింట్లోనైనా ఉంటే ఫరవాలేదు. ఎవరికీ దక్కలేదు కదా అనుకోవచ్చు.

అక్కడి నుంచి నేను ముసలి కుక్కకు ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో మా వైపు కుక్కను పెంచడమంటే కాపలా కోసమే. వత్సవాయిలో ఒక మోతుబరి రైతుకు చెబితే వచ్చి చూశారు. సంతలో కోడెను చూసినట్టు పెదవి ఎత్తి పళ్ళు చూసి, నడుం మీద చెయ్యి వేసి నొక్కి, నాలుగడుగులు నడిపించి, "డాక్టరు గారూ, దీనికి మేం కాపలా కాయాలండి" అన్నారు. నందిగామలో బియ్యం మిల్లు యజమాని ఒకాయన పిల్లకుక్క ఉంటే ఇమ్మన్నారు. వేదాద్రి వెళ్ళినప్పుడు అక్కడ సత్రం చూసుకునే ఆయన్ని కదిపాను. యాత్రికులు భోజనాలు చేసే చోట కుక్క ఏమిటని ఆయన నా వైపు అదోలా చూశారు. నా పప్పులు ఎక్కడా ఉడకలేదు.

చివరికి నందిగామ అవతల చెవిటికల్లులో ఒక దోస తోట రైతు ఒప్పుకున్నారు. మునుపు వాళ్ళ గేదె ఈనలేక అవస్థ పడుతుంటే దూడను తిప్పి బయటికి తీసింది నేను. ఆ మొహమాటం. కృష్ణ ఒడ్డున పాకలో మనిషి ఎప్పుడూ ఉంటాడనీ, నెలాఖరుకు బండి పంపుతాననీ అన్నారు. జగ్గయ్యపేటకు చాలా దూరం. నాకు అదే నచ్చింది. తిరిగొచ్చి దేవసహాయం గారికి ఆ మాట చెబుతూ ఆయన ముఖం ఎలా మారుతుందో చూడాలని నిలబడ్డాను. ఆయన తల వంచుకుని, అక్కడ నీడ ఉంటుందా అండి అని మాత్రం అడిగారు.

మే రెండో వారంలో ఎండకు జవాను చెవి మళ్ళీ చిమచిమలాడితే, గీక్కుని పుండు రేపుకున్నాడు. కట్టు మార్చాలి. ఈసారి ఒక్కణ్ణే చేయాలనుకున్నాను. ఆ ఉదయం నేను వెళ్ళాల్సిన వత్సవాయి టీకాలకు దేవసహాయం గారిని పంపించాను. కుక్కకు కట్టు కట్టేముందు మూతికి గుడ్డపేలికతో ముడి వేసి, ఆ కొసలు చెవుల వెనక కట్టాలి. ఎంత సాధు కుక్కయినా సరే. ఇది మాకు కాలేజీలో మొదటి నెలలో నేర్పే పాఠం. దేవసహాయం గారు తల పట్టుకున్నప్పుడు ఆ ముడి అక్కర్లేకపోయేది. అందుకే నేనూ కట్టలేదు. నా దగ్గర కూడా వాడు ఊరుకుంటాడని నాకు నేను చూపించుకోవాలి.

బడికి వేసవి సెలవులు. మరియమ్మ గారు భర్తకు క్యారియరు తెచ్చారు. ఆయన వత్సవాయి వెళ్ళిన సంగతి ఆవిడకు తెలియదు. నేను చెవి దగ్గర చచ్చిన చర్మం పట్టి లాగుతున్నాను, జవాను అరుస్తున్నాడు. ఆవిడ క్యారియరు గట్టు మీద పెట్టి, తల పట్టుకునేవాళ్ళు లేరే అంటూ గబగబా వచ్చి కూర్చుని రెండు చేతులూ చాపారు. సరిగ్గా అప్పుడే నేను కత్తెర వేశాను. వాడు నొప్పికి తల విసిరి కరిచాడు. అరిగిన పళ్ళే అయినా కోరలు మిగిలి ఉన్నాయి. ఆవిడ కుడి ముంజేతి మీద రెండు గాట్లు పడ్డాయి.

వాటిని సబ్బుతో, నీళ్ళతో చాలాసేపు కడిగాను. ఆవిడే నాకు ధైర్యం చెప్పారు, తప్పు తనదేనన్నారు. నేను కాదనలేదు.

ఆ తర్వాత పద్ధతి ఇది. కుక్క కరిస్తే పిచ్చి జబ్బు భయం ఉంటుంది గనక మనిషికి బొడ్డు చుట్టూ రోజుకొకటి చొప్పున పద్నాలుగు సూదులు. మందు ఉండేది నందిగామ తాలూకా ఆసుపత్రిలో. కరిచిన కుక్క దొరికితే దాన్ని విడిగా కట్టేసి పశువుల డాక్టరు పది రోజులు పరిశీలించాలి. తిండి తింటోందా, నీళ్ళు తాగుతోందా, గొంతు మారిందా, కింది దవడ వేలాడుతోందా, నడక తూలుతోందా, రోజూ రిజిస్టరులో రాయాలి. పిచ్చి ఉన్న కుక్క కరిచాక పది రోజులు బతకదు. పదో రోజున కుక్క ఆరోగ్యంగా ఉంటే డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు, అది చూసి అక్కడ మిగతా సూదులు ఆపేస్తారు. ఆ కాగితం లేకుండా ఆపరు. నాలుగు సూదులు తప్పుతాయి. ఆ సూది వేయించుకున్నవారికి తెలుస్తుంది నాలుగంటే ఎంతో. పొట్ట మీద ఒక్కొక్కటీ నిమ్మకాయంత గడ్డ కట్టేది.

మరియమ్మ గారు రోజూ పొద్దున్న బస్సుకు నందిగామ వెళ్ళి, సూది వేయించుకుని, పదకొండున్నర బస్సుకు దిగేవారు. గంటకు పైగా గతుకుల రోడ్డు. దిగగానే ఇంటికి పోకుండా ఆసుపత్రికి వచ్చేవారు. జవాను బతికి ఉన్నాడా లేదా అన్నది ఆవిడకు ప్రాణసమస్య గనక వచ్చి చూడటంలో వింత లేదు. మూడో రోజు నుంచి గిన్నెలో జొన్నన్నం, మజ్జిగ తేవడం మొదలుపెట్టారు. పరిశీలనలో ఉన్న కుక్క దగ్గరికి ఎవరూ పోరాదు. ఈ నిబంధన నిజమైనదే, దాన్ని నేను రెట్టింపు శ్రద్ధతో అమలు చేశాను. ఆవిడ గిన్నెను కర్రతో ముందుకు తోసి, తాడు అందనంత దూరంలో అరుగు మీద కూర్చుని, బడిపిల్లల్ని మందలించినట్టు వాడిని మందలించేవారు. చెయ్యి కొరికితే రాయడం ఎట్లారా, హాజరు పట్టీ నువ్వు రాస్తావా అని.

ఆరో రోజుకి బస్సు హారను వినపడగానే జవాను లేచి తాడు బిగిసేదాకా ముందుకు వచ్చి నిలబడటం చూశాను. ఏడో రోజున తోక ఊపాడు. తాను కరిచిన మనిషికి. మొన్నటిదాకా ఒక్కరి మీదే కుళ్ళు, ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరి మీదా. ఆ ఇంట్లో ఏముందో, ఆ మనుషుల చేతుల్లో ఏముందో నాకు అర్థం కాలేదు. నేను చదివిన చదువులో అది లేదు.

ఇంతలో చెవిటికల్లు రైతు నుంచి కబురొచ్చింది. మనిషిని కరిచిన కుక్కను తోటలో పెట్టుకోలేనన్నారు, ఏమీ అనుకోవద్దన్నారు. ఇక మిగిలిన ఇల్లు ఒకటే. పరిశీలన ముగిసిన రోజున, నేను ఎన్ని నిబంధనలు కల్పించినా, జవాను అక్కడికే పోవాలి. లేకపోతే పంచాయతీకి.

పదో రోజు వచ్చింది. పదకొండున్నరకు మరియమ్మ గారు వచ్చి అన్నం పెట్టి వెళ్ళారు. జవాను గిన్నె నాకేశాడు. నాలుగు గంటలకు నేను హోటలు పెరుగన్నం తీసుకుని వెళ్ళాను. గిన్నె ముందు పెట్టి పక్కనే నిలబడ్డాను. వాడు వాసన చూసి, నా వైపు చూసి, పోయి గోడ వారగా పడుకున్నాడు. నేను ఆఫీసు గదిలోకి వచ్చి రిజిస్టరు తీసి, సాయంత్రం నాలుగు గంటలకు ఆహారం స్వీకరించలేదు, పరిశీలన మరి నాలుగు రోజులు పొడిగించడమైనది అని రాసి సంతకం పెట్టాను.

అందులో ఒక్క అబద్ధం లేదు. జిల్లా అధికారే వచ్చి చూసినా తప్పు పట్టలేడు. ముసలి కుక్క, తిండి మానేసింది, జాగ్రత్తపరుడైన డాక్టరు గడువు పెంచాడు.

దేవసహాయం గారు ఆ పేజీ చదివారు. రోజూ సాయంత్రం రిజిస్టర్లు బీరువాలో పెట్టేది ఆయనే. "పదకొండున్నరకు తిన్నాడండి. గిన్నె నేనే కడిగా," అన్నారు. నేను చూసిందే నేను రాస్తానని చెప్పాను. ఆయన రిజిస్టరు మూసి బీరువాలో పెట్టి తాళం వేశారు. నా ముఖంలోకి ఒకసారి చూశారు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే నాకు బాగుండేది.

పదకొండో రోజు, పన్నెండో రోజు మరియమ్మ గారు యథాప్రకారం నందిగామ వెళ్ళివచ్చారు. పన్నెండో సూదికి జ్వరం తగిలింది. పదమూడో రోజున నేను పోస్టాఫీసు నుంచి వస్తూ ఆవిడ బస్సు దిగడం చూశాను. ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, రెండో చేత్తో కడ్డీ పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద ఆగి దిగారు. దేవసహాయం గారు గొడుగు పట్టుకుని కింద నిలబడి ఉన్నారు. ఆయన నన్ను చూశారు. నేను సైకిలు పక్క వీధిలోకి తిప్పేశాను.

ఆ సాయంత్రమే సర్టిఫికెట్ రాయడానికి కూర్చున్నాను. ఒక సూది అయినా తప్పుతుంది. కానీ పదో రోజున పొడిగించిన గడువును పదమూడో రోజున కుదించడానికి రిజిస్టరులో ఏమని కారణం రాయాలి? కారణం రాస్తే ముందు రాసింది తప్పని ఒప్పుకోవాలి. కలం మూసేశాను. కాబట్టి మొదటి మూడు సూదులు అసూయతో వేయించాను, నాలుగోది పిరికితనంతో.

పద్నాలుగో రోజు సాయంత్రం, కుక్క ఆరోగ్యంగా ఉన్నది, పిచ్చి లక్షణాలు లేవు అని సర్టిఫికెట్ రాశాను. అప్పటికి ఆ కాగితం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నిబంధన ప్రకారం మాత్రం ఇవ్వాలి. జవాను మెడకు తాడు కట్టి, ఆ కాగితం జేబులో పెట్టుకుని నేనే పేటకు వెళ్ళాను. ఏడాది అవుతున్నా ఆ వీధిలోకి నేను వెళ్ళడం అదే మొదటిసారి. దారంతా వాడు తాడు బిగిసేలా నాకు ఎడంగా నడిచాడు. ఇంటి మలుపు తిరగ్గానే తాడును నా చేతిలోంచి లాక్కుపోయాడు.

దేవసహాయం గారు ఇంకా ఇల్లు చేరలేదు. మరియమ్మ గారు వసారాలో నులకమంచం మీద పడుకుని ఉన్నవారు నన్ను చూసి లేవబోయారు. వద్దన్నాను. జవాను మంచం కింద దూరి పడుకున్నాడు, ఎప్పటినుంచో అక్కడే ఉన్నవాడిలా. నేను కాగితం ఇచ్చి, నిలబడే చెప్పాను. పదో రోజునే ఇవ్వాల్సిందని, కుక్క బాగానే ఉందని నాకు తెలుసునని, కావాలనే ఇవ్వలేదని. ఎందుకని ఇవ్వలేదో కూడా చెప్పాను. ఆ మాట నోటి నుంచి రావడం చాలా కష్టమైంది.

ఆవిడ కాగితం మడిచి దిండు కింద పెట్టుకున్నారు.

"తెలుసండి. పదో రోజు సాయంత్రమే ఆయన చెప్పారు" అన్నారు.

మరి వచ్చి నన్ను ఎందుకు అడగలేదన్నాను. నందిగామ డాక్టరుతో ఒక మాట చెప్పినా ఆయన నాకు ఉత్తరం రాసేవారు కదా, జిల్లా అధికారి దాకా పోయేది కదా అన్నాను.

"అదేనండి భయం. పై దాకా పోతే కరిచిన కుక్కని పంచాయతీకి పంపమంటారు. మిమ్మల్ని అడిగితే మీకు కోపమొచ్చి మాకివ్వరు. నాలుగు సూదులే కదా అనుకున్నాం" అని, ముంజేయి చూపిస్తూ, "మొదటి రోజే మాకిచ్చుంటే ఈ చెయ్యి కూడా బాగుండేది డాక్టరు గారూ" అన్నారు.

గట్టిగా కూడా అనలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. కూర్చోమంటే కూర్చోకుండా వచ్చేశాను.

మర్నాడు దేవసహాయం గారు ఎప్పటిలాగే ఎనిమిదింటికి వచ్చి బీరువా తీశారు. నేను క్షమించమన్నాను. ఆయన బయట కాలు విరిగిన మేక ఉందని చెప్పారు. వెళ్ళి ఆయన దాని తల పట్టుకున్నారు, నేను కాలు పట్టుకున్నాను. ఆ రోజు నుంచి ఆయన్ని మీరు అనడం మొదలుపెట్టాను. ఆయన దాన్ని గమనించినట్టు కూడా కనపడలేదు.

జవాను వాళ్ళింట్లో ఇంకో ఏడాదిన్నర బతికాడు. నేను అడపాదడపా వెళ్ళి చూసేవాణ్ణి. నన్ను చూడగానే లేచి మరియమ్మ గారి వెనక్కి పోయి నిలబడేవాడు. ఆఖరి రోజుల్లో కళ్ళు పూర్తిగా పోయాయి, అయినా అయోడిన్ వాసనకో ఏమో నన్ను పోల్చుకుని వెనక్కే పోయేవాడు. నా అసూయ తగ్గిందని రాయాలని ఉంది కానీ తగ్గలేదు. వాడు చనిపోయాడని దేవసహాయం గారు చెప్పినప్పుడు, ఎవరి ఒళ్ళో పోయాడన్నది నేను అడగలేదు. నాకు తెలుసు, వినాలని లేదు.

1960లో నన్ను నందిగామకు మార్చారు, ఆ తర్వాత చాలా ఊళ్ళు తిరిగి పెద్ద హోదాలోనే దిగిపోయాను. కొత్తగా చేరిన డాక్టర్లకు కుక్కకాటు కేసుల విషయంలో రెండు పద్ధతులు చెప్పేవాణ్ణి. పదో రోజు సర్టిఫికెట్ ఆ ఉదయమే రాయాలి, మిగతా పని ఆ తర్వాత. జంతువు తిండి తినలేదని రాసే ముందు, దానికి రోజూ తిండి పెట్టే మనిషిని పిలిచి అడగాలి, వారి మాట కూడా అదే వరుసలో రాయాలి. ఎందుకని ఎవరైనా అడిగితే శాఖాపరమైన జాగ్రత్త అనేవాణ్ణి. అసలు కారణం ఇది. నేను రాసిన ప్రతి మాటా నిజమే, ఆ నిజంతోనే ఒక మనిషి పొట్టలో నాలుగుసార్లు సూది పొడిపించాను.